నల్లా వచ్చింది, మళ్ల చెప్త

నిజామాబాద్‌లో మేం కొందరం నెలకోసారి, ఆదివారం సాయంత్రం, ఒక ట్యూషన్ సెంటర్ గదిలో చేరి ఈమధ్య చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకుంటాం అని మర్యాదకు అంటున్నాను గానీ, జరిగేది వేరు. ఒకరు లేచి 'గుండెను పిండేసింది' అంటారు, ఇంకొకరు 'కళ్లు చెమర్చాయి' అంటారు, మూడో ఆయన 'ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం' అని కూర్చుంటాడు. ఆ తర్వాత చాయ్ వస్తుంది. నాకు ఒళ్లు మండి, గుండెను పిండిన చోటు ఏ పేజీలో ఉందో చూపించమని అడుగుతాను. అందుకే నా వంతు వచ్చిందంటే అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు.

పోయినసారి నా వంతు వచ్చింది. చేతిలో పుస్తకం ఉంది, ఇష్టపడి చదివిందే. లేచి నిలబడి 'బాగుంది' అన్నాను, కూర్చున్నాను. ఒంట్లో బాగాలేదా అని పక్కావిడ అడిగింది. బాగానే ఉందన్నాను.

'బాగుంది' అనే మాటను మా అక్క అసలు ఒప్పుకునేది కాదు. "బాగున్నది అన్నోడు సదవనన్న సదవలే, లేకుంటే నిన్ను ఎల్లగొట్టనన్న సూస్తుండు" అనేది. నాకు తెలిసినంతలో పుస్తకాల మీద సొంత అభిప్రాయం ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమెకు చదవడం రాదు.

రాదంటే, రెండో తరగతి దాకా పోయింది. అమ్మ మంచాన పడ్డాక ఇంట్లో పొయ్యి ముట్టించే మనిషి కావాలి కాబట్టి మానేసింది. నేను అప్పటికి పాకుతున్నాను. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది, సంతకం పెడుతుంది, అంతే. దాని గురించి ఎప్పుడూ బాధపడినట్టు కనిపించలేదు. "నా సదువు గూడ నువ్వే సదివినవ్ గదా, ఇగ జెప్పు, అండ్ల ఏమున్నదో" అనేది.

మాది బోధన్. మా గల్లీలో ఆడవాళ్లందరూ బీడీలు చేసేవాళ్లే. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇంటి ముందు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. తడిపిన తునికాకును కొలత రేకు పెట్టి కత్తిరించడం, తంబాకు నింపి చుట్టడం, దారం కట్టడం. చేతులూ కళ్లూ రెండూ పనిలోనే ఉంటాయి. చెవులకు మాత్రం ఏ పనీ లేదు. టీవీ పెడితే కళ్లు అటు పోయి బీడీ వంకర పోతుంది. రేడియోనేమో ఆగమంటే ఆగదు. అందుకని పుస్తకం. ఊరి లైబ్రరీ నుంచి నేను నవల తెచ్చి, గోడకు ఆనుకుని పైకి చదవాలి, వాళ్లు వినాలి.

అయితే చదివేవాళ్లు బీడీలు చేయలేరు కదా. వాళ్ల చాట ఖాళీగా ఉండిపోతుంది. అందుకని వినేవాళ్లు ఒక్కొక్కరూ తాము చుట్టిన వాటిలోంచి కొన్ని తీసి చదివేవాళ్ల చాటలో వేయాలి. అది మా అరుగు మీది పద్ధతి. దానికి ఇంకో సగం కూడా ఉంది. చాటలో వేసినవాళ్లకే మధ్యలో నోరు విప్పే హక్కు. వేయనివాళ్లు విని ఊరుకోవాలి. బీడీ పడిన చప్పుడు కాగానే నేను చదవడం ఆపాలి, వేసినావిడ చెప్పేదాకా అందరూ వినాలి. పక్కింటి అవ్వ ఏ పొద్దుకో ఒకటి వేసి "పాపం" అనేది. మా అక్క మాత్రం పేజీకోసారి వేసేది.

ఏం మాట్లాడేదనుకున్నారు. ఒక నవలలో కథానాయిక కాలువ గట్టున కూర్చుని పొద్దుగూకేదాకా ఏడుస్తుంది. రచయిత ఆ ఏడుపును ఎంతో అందంగా రాశాడు. నేనూ గొంతు తగ్గించి, సాగదీసి చదివాను. అక్క బీడీ వేసింది. "అది పొద్దుగాల్ల సంది గట్టు మీదనే ఉన్నది. మరి ఇంట్ల అన్నం ఎవలు ఒండిండ్రు?" అంది. అది కథకు అక్కర్లేదని నేను. "అక్కర లేకుంటె అందరు సందేళ ఎట్ల తిని పండుకున్నరని రాసిండు?" అని ఆమె. అరుగంతా నవ్వు. ఇప్పటికీ ఏ నవలలో ఎవరు ఏడ్చినా నాకు ముందు ఆ ఇంటి పొయ్యి గుర్తొస్తుంది.

అన్నీ న్యాయంగా చెప్పేదని కాదు. మహా మొండి. కథానాయకుడి వేళ్లు సన్నగా, పొడుగ్గా ఉన్నాయని రాస్తే ఆ నిమిషం నుంచి వాడు పనికిమాలినవాడే, చివరికి వాడు ప్రాణమిచ్చినా సరే ఆమె మనసు మారదు. కోడలిని రాచి రంపాన పెట్టే అత్త కనిపిస్తే ఆమె పక్షమే. "గా అత్త లేకుంటె నీ కథ రెండో పుటలనే ఒడుస్తుండె. మందికి చాకిరి చేసేది గామెనే" అనేది. నేను పుస్తకం నేలకేసి కొట్టి లోపలికి పోయిన రోజులున్నాయి. తర్వాత తనే వచ్చి "రా, ఇంక సదువు. గా ముసల్ది సచ్చిందా, బతికిందా" అని పిలిచేది. చదువుకున్నవాళ్లలో చాలామందితో పుస్తకాల గురించి మాట్లాడాను. ఎదుటి మనిషి ఒప్పుకోకపోవడంలో ఇంత సుఖం ఉంటుందని ఆ అరుగు మీద తప్ప ఎక్కడా తెలియలేదు.

నన్ను నిజామాబాద్‌లో ఇచ్చారు. ఆయన తాగుబోతు కాదు, కొట్టినవాడు కాదు. ఎవరికైనా చెబితే ఇదీ ఒక కారణమా అంటారు గానీ, ఆ ఇంట్లో నేను మాట్లాడితే ఎవరూ తలెత్తేవారు కాదు. కూర బాగాలేదంటే విన్నారు, బట్టలు ఆరలేదంటే విన్నారు. నాకు ఫలానాది ఇలా అనిపిస్తోంది అని మొదలుపెడితే ఆయన టీవీ సౌండు పెంచేవాడు. కొన్నేళ్లు చూశాను. ఒకరోజు బట్టలు సర్దుకుని బయటికి వచ్చేశాను. స్కూల్లో టీచరు పని ఉంది, ఒక గది అద్దెకు తీసుకున్నాను.

బోధన్‌లో గగ్గోలయింది. మా ఇంటికి ఇల్లరికం వచ్చిన బావ మొహం చూపించొద్దన్నాడు. అక్క మాత్రం పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుని వచ్చింది. ఆ గది కడిగింది, స్టవ్వు బిగించింది, తెచ్చిన పప్పూ పసుపూ డబ్బాల్లో పోసింది. "తిన్నవా" అని అడిగింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. చేసింది మంచిదో చెడ్డదో ఒక్క ముక్క అనలేదు. కాలువ గట్టున ఏడ్చిన ఆడదాని ఇంటి అన్నం గురించి అడిగిన మనిషి, సొంత చెల్లెలు ఇల్లు వదిలి వస్తే ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. అడిగే ధైర్యం నాకు రాలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నోటి ముందు నిలబడడం నాకు అలవాటే, ఆ మౌనం ముందు నిలబడడమే రాలేదు.

ఫోన్లు వచ్చాక మళ్లీ చదవడం మొదలుపెట్టాం. స్కూలుకు పోయేముందు ఒక్కో అధ్యాయం ఫోన్లో చదివి, ఆ వాయిస్ పంపేదాన్ని. మధ్యాహ్నం అరుగు మీద అక్క కోడలు అది పెట్టేది, అందరూ వినేవారు. నా పేరున ఒక ఖాళీ చాట కూడా పెట్టేవారట. పద్ధతి పద్ధతే కాబట్టి బీడీలు అందులో పడాల్సిందే. సాయంత్రం అక్క వాటిని నిస్సంకోచంగా కోడలి కట్టల్లో కలిపేసేది. ఆ తర్వాత తన అభిప్రాయం వాయిస్‌లో పంపేది. వెనక కత్తెర చప్పుడు, ట్రాక్టర్ల చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం, వాటి మీదుగా ఆమె గొంతు. "చెల్లె, నీ రచయితకు మతి లేదు, నీకన్న ఉండాలె గద" అని మొదలయ్యేది. వినేదాన్ని, బదులు పంపేదాన్ని, తుడిపేసేదాన్ని. స్కూలు గ్రూపుల ఫోటోలతో నా ఫోన్ ఎప్పుడూ నిండిపోయి ఉంటుంది. ఆమె మాటలు దాచుకోవాలని తోచలేదు. రేపు ఇంకోటి వస్తుంది కదా.

పోయినేడు ఒక నవల ఎంచుకున్నాను. అందులో ఒకామె పెద్ద కారణమేదీ లేకుండానే మొగుడి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. కొట్టలేదు, తిట్టలేదు, ఆమెకు అక్కడ ఊపిరాడలేదు, అంతే. ఆ పుస్తకం కావాలనే ఎంచుకున్నాను. నా గురించి అడగలేనిది ఆ పుస్తకం గురించి అడగొచ్చని. రోజూ పంపాను. అక్క గొంతు అప్పటికే బొంగురుపోయింది. తంబాకు దుమ్ము, జలుబు అనుకున్నాం. గొంతు బాగాలేకనో మరెందుకో, ఆ పుస్తకానికి మాత్రం మధ్యలో ఏమీ చెప్పేది కాదు. "మొత్తం ఇననియ్యి ముందు" అనేది. ఆఖరి అధ్యాయం పంపిన రోజు స్కూల్లో నాకు పాఠం మీద మనసు లేదు. మధ్యాహ్నం దాటాక వాయిస్ వచ్చింది.

"చెల్లె, ఇన్న. మొత్తం ఇన్న. గా పిల్ల ఇల్లిడిసి పోయింది గదా. దాని మీద నీకొక మాట చెప్పాలె. శాన రోజుల సంది చెప్పాలనే ఉన్నది. ఏందంటే... ఆగు ఆగు, నల్లా వచ్చింది. మళ్ల చెప్త."

చివర బిందె కింద పెట్టిన చప్పుడు, నీళ్లు పడుతున్న చప్పుడు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చినప్పుడు పట్టుకోకపోతే అంతే సంగతులు. నాకు నవ్వొచ్చింది. ఎదురుచూశాను. మర్నాడు పొద్దున కోడలు ఫోన్ చేసి, అత్తమ్మకు గొంతు మొత్తం పోయింది, నీళ్లు కూడా మింగలేకపోతోంది అని చెప్పింది.

నిజామాబాద్‌లో చూపించాం. హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్ చేస్తే ఇక గొంతు రాదని డాక్టరు అక్క కొడుకుతో చెప్పాడట. తెలిస్తే తల్లి ఒప్పుకోదని వాడు మాకెవరికీ చెప్పలేదు. వాడినీ ఏమనలేను, తల్లి బతకాలనుకున్నాడు. లోపలికి తీసుకుపోయేముందు అక్క నా చెయ్యి పట్టుకుని గుసగుసగా "చెల్లె, గా మాట..." అంది. మాట్లాడించొద్దని నర్సు అంతకుముందే కోప్పడి పోయింది. "ఇప్పుడొద్దక్కా, నొప్పి పెడుతది. అంతా అయినంక చెప్పు" అన్నాను. సరేనని తలూపింది.

అయినంక మెడ కింద రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచి. పైన పలచటి గుడ్డ కట్టారు. పెదవులు కదుపుతుంది, మాట రాదు. నేను పలక కొని ఇచ్చాను. తన పేరు రాసింది, 'నీళు' అని రాసింది, ఇంకేదో రాయబోయి కుదరక పలకను మంచం కిందికి తోసేసింది. గొంతుకు ఆనించుకుంటే మాట వచ్చే మిషను ఒకటి ఉందంటే అదీ తెచ్చాం. ఒక్కసారి పెట్టుకుని విని, దాన్ని బీరువాలో పెట్టేసింది. పిండి గిర్నీ తిరిగినట్టుంటుంది దాని చప్పుడు. అక్కకు తన గొంతంటే చాలా ఇష్టం. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

కొంచెం కోలుకున్నాక మళ్లీ అధ్యాయాలు పంపడం మొదలుపెట్టాను. కోడలు ఆమెకు ఫోన్లో బొటనవేలు బొమ్మ పంపడం నేర్పింది. పసుప్పచ్చటి బొటనవేలు. మంచి కథకు ఆ వేలు, చెత్త కథకు ఆ వేలు. మొదట్లో సంతోషపడ్డాను, వింటోంది కదా అని. ఒకరోజు ఉండబట్టలేక వాయిస్‌లో అడిగాను. "అక్కా, నల్లా వచ్చిన నాడు ఒక మాట చెప్తనన్నవ్. గా పుస్తకంల పిల్ల ఇల్లిడిసి పోయింది, మంచిగనే చేసిందా?" ఆమెకు అర్థమవుతుందని తెలుసు, నేను అడుగుతున్నది ఎవరి గురించో.

బొటనవేలు వచ్చింది.

ఆ రోజు స్టాఫ్ రూంలో అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చేసింది తప్పు కాదని అక్క అనేసింది, ఇక ఎవరేమనుకుంటే నాకేం అనుకున్నాను. కొన్నాళ్లు తేలికగా నడిచాను.

తర్వాత నా పాడు బుర్ర ఊరుకోలేదు. బస్టాండు ముందు పాత పుస్తకాల బండి మీద ఒక నవల దొరికింది. అందులో మొగుణ్ని వదిలి పోయిన భార్య చివరికి బుద్ధి తెచ్చుకుని, తిరిగి వచ్చి, వాడి కాళ్ల మీద పడి క్షమించమని ఏడుస్తుంది. వాడు దయతలచి లేవనెత్తుతాడు. మునుపటి అక్క అయితే ఆ రచయిత ఏడు తరాలను నిద్ర లేపేది. అది మొత్తం చదివి పంపాను. ఆఖరున, "ఎంత మంచిగ రాసిండక్కా, ఆడది గిట్లుండాలె" అని కూడా అన్నాను. అలా అంటుంటే నాకే నాలుక చేదెక్కింది. తిట్టు రావాలి, కనీసం ఏమీ రాకుండా అయినా ఉండాలి అని దేవుడికి మొక్కాను.

బొటనవేలు వచ్చింది. అదే వేలు, అదే రంగు.

ఆ శనివారం స్కూలు కాగానే బోధన్ బస్సెక్కాను. చెరుకు ట్రాక్టర్లు ముందు పోతుంటే బస్సు వాటి వెనక ఈడ్చుకుంటూ పోయింది. ఇదివరకంత చెరుకు లేదు, అంతా వరే, అయినా ఆ రోడ్డు మీద ఎదురుపడేది అదే. ఆ మాట బయటికి ఎలా రప్పించాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

అరుగు మీద అందరూ ఉన్నారు. తంబాకు దగ్గర కూర్చోవద్దని డాక్టరు చెప్పాడని అక్కను ఆ చివరన, గాలి వచ్చే వైపు, వేరుగా కూర్చోబెట్టారు. ఆమె ఇప్పుడు బీడీలు చేయదు, కోడలి కోసం ఆకు కత్తిరిస్తుంది. నన్ను చూసి మొహం వికసించింది. గుడ్డ సర్దుకుంది. పక్కింటి అవ్వ నాకు చాట జరిపి, "శాన రోజులాయె బిడ్డా, ఎదురుంగ కూసొని సదివి. సదువు" అంది.

సంచిలోంచి ఆ మొదటి పుస్తకమే తీశాను. ఇల్లు విడిచి వెళ్లిపోయిన ఆమెది. ఆఖరి అధ్యాయం చదివాను. ఆమె తలుపు దగ్గరికి వేసి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా నడిచే చోటికి వచ్చాను. చాటలో ఏదో పడింది. బీడీ చప్పుడు కాదు. చూస్తే కత్తిరించిన తునికాకు ముక్క. అక్క దగ్గర వేయడానికి బీడీలు లేవు, అందుకని ఆకు వేసింది.

చదవడం ఆపేశాను. అందరి చేతులూ ఆగాయి. వేసినావిడ మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి.

అక్క మాట్లాడింది. కత్తెర పక్కన పెట్టి, నా వైపు తిరిగి, పెదవులతో మాట్లాడింది. చిన్న మాట కాదు, చాలాసేపు మాట్లాడింది. వెనకటి లాగే చెయ్యి ఊపింది, తొడ మీద చరుచుకుంది, వీధి వైపు చూపించింది, నా వైపు చూపించింది, ఇంట్లో పొయ్యి వైపు చూపించింది. ఒకచోట నవ్వింది. ఒకచోట కోపంతో కనుబొమలు ముడుచుకున్నాయి, ఆ కోపం నా మీదనో, ఆ మొగుడి మీదనో, తన మీదనో తెలియలేదు. మెడ మీది గుడ్డ లేస్తూ పడుతూ ఉంది. ఒక్క అక్షరం బయటికి రాలేదు. మొదట్లో 'చెల్లె' అన్నది ఒక్కటే పెదవుల మీద పోల్చుకున్నాను, తర్వాత ఏమీ అందలేదు. ఆడవాళ్లందరూ తలలు వంచుకుని, పద్ధతి ప్రకారం, ఆమె చెప్పేది అయిపోయేదాకా కదలకుండా కూర్చున్నారు. అవ్వ మధ్యలో అవును అవును అన్నట్టు తలాడించింది.

అయిపోయింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎట్ల కాదంటవో సూస్త అనే చూపు. నేను ఎదురు చెప్పాలి. గొంతు పెంచాలి, పుస్తకం నేలకేసి కొట్టాలి. దేనికి ఎదురు చెప్పను? ఏళ్ల తరబడి నేను వినాలనుకున్నదంతా ఇప్పుడే, నా కళ్ల ముందే చెప్పేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అవునక్కా" అన్నాను. "నువ్వు చెప్పింది బాగున్నది."

అక్క నా మొహంలోకి చూసింది. తర్వాత వంగి, నా చాటలో తను వేసిన ఆకు ముక్కను వెనక్కి తీసుకుంది. దాన్ని తన దగ్గరున్న ఆకుల్లో పెట్టుకుని, కత్తెర అందుకుని మళ్లీ కత్తిరించసాగింది.